కాటన్ అన్నాను

నర్సాపురంలో ఎరువుల కొట్టు మేడ మీద,
యూరియా వాసన మెట్లెక్కి వచ్చే గదిలో
భీమశంకరం మాస్టారు టై కట్టుకుని కూర్చున్నారు.
ఇవాళ ఆయన పరీక్ష పెట్టే దొర.
టై కింద ఉన్నది ప్యాంటో లుంగీయో చెప్పలేను,
మధ్యలో బల్ల ఉంది.

ఫోన్‌లో టైమరు నొక్కి, గొంతు మార్చి అడిగారు:
రోజూ ఎలాంటి బట్టలు వేసుకోవడం నీకిష్టం, కెజియా?

నా దగ్గర జవాబుంది.
నాలుగు వారాలుగా పంటు మీద
వశిష్ఠ ఆ ఒడ్డుకీ ఈ ఒడ్డుకీ మధ్య వల్లెవేసిన జవాబు.
కాటన్ ఇష్టమండి. హాయిగా ఉంటుంది. మా ఊరి ఎండకు సరిపోతుంది.
ఇంగ్లీషులో మూడు వాక్యాలు.
క్రియలన్నీ ఎక్కడివక్కడ కుదురుగా కూర్చున్నాయి,
సండే స్కూల్లో పిల్లల్లా.

"మరి ఇంట్లో?" అన్నారు.
నైటీ అనబోయి నాలిక కరుచుకున్నాను.
మొదటి వారమే చెప్పారాయన:
ఆ మాట అనకమ్మా, వాళ్ళకది పడకగది గుడ్డ.
మరి మా వీధికో?
పాలు పోయించుకునేది అందులోనే,
కొళాయి దగ్గర బిందె కోసం తగువాడేది అందులోనే.
గ్యాస్ బండి కుర్రాడొస్తే
పైన ఒక తువ్వాలు కప్పుకుంటాం,
అంతే, అది వీధి బట్ట అయిపోతుంది.
తువ్వాలుని ఇంగ్లీషులో ఏమంటారో తెలుసు.
మర్యాదని తీసి భుజాన వేసుకోవడాన్ని
ఏమంటారో తెలీదు.
"లూజ్ డ్రెస్" అన్నాను.
ఆయన తలూపారు.

అప్పుడడిగారు, కాగితాల్లో లేని ప్రశ్న:
పారేయకుండా దాచుకున్న పాత బట్ట ఏదన్నా ఉందా?

ఉంది.
దావీదు మావయ్య కువైట్ నుంచి తెచ్చి
మా అమ్మకిచ్చిన ఖాకీ చొక్కా, ఆయన వదిలేసిన కంపెనీది.
పదకొండు సార్వాలు, పది దాళ్వాలు
చీర మీద అది తొడుక్కునే నాట్లకి పోయింది.
కుడి మోచేతి దగ్గర నేను వేసిన అతుకు.
ఇప్పుడు ఆస్పత్రిలో మనుషులకి వేస్తున్న కుట్లకంటే
ముందు నేర్చుకున్న కుట్లవి.
జేబు మీద ఎర్ర దారంతో ఇంగ్లీషు.
ఆరో తరగతిలో కూడబలుక్కున్నాను: సేఫ్టీ ఫస్ట్.
"ఏముందే అందులో?" అంది అమ్మ,
పిక్క మీది జలగకి ఉప్పేసి రాల్చుకుంటూ.
"ముందు భద్రం అనుంది."
"ఎవరికంట?"

ఇదంతా ఎక్కణ్ణుంచి మొదలెట్టను?
ఇష్టం అన్న మాట దగ్గర్నుంచా?
ఎండ చేతుల్ని మాడుస్తుంది, వరాకు కోస్తుంది,
అందుకు తొడుక్కుంది.
అయినా పనయ్యాక దాన్ని తనొక్కతే ఉతికేది,
మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు.
ఇష్టానికీ అవసరానికీ మధ్య
ఆ భాషలో ఒక మాట ఉండే ఉంటుంది.
మా పుస్తకంలో లేదు.

టైమరు మోగింది.
"పదకొండు సెకన్లు ఊరుకున్నావు" అని రాసుకున్నారు మాస్టారు.
"ఊరుకోకూడదమ్మా. ఏదో ఒకటి అనెయ్.
అబద్ధమైనా పర్లేదు, వాళ్ళు కొలిచేది నిన్ను కాదు, నీ భాషని."

తిరుగు పంటు మీద రొయ్యల ట్రేల పక్కన నిలబడ్డాను.
జల్లు కొడుతోంది.
జవాబు ఇప్పుడొచ్చింది, బారులు బారులుగా,
అందులో సగం తెలుగు.

గేటు తీసింది అమ్మ, నైటీ మీద తువ్వాలుతో.
"ఏమడిగారే?"
"బట్టల గురించి."
"దానికా పన్నెండేలు కట్టింది!
ఇంతకీ ఏం జెప్పావ్?"
"కాటన్ ఇష్టమని."

అమ్మ వసారాలో దండెం వైపు చూసింది.
మూడు రోజుల ముసురు.
పాలిస్టరు డ్యూటీ కోటు ఎప్పుడో ఆరిపోయి ఊగుతోంది.
పక్కన నా కాటన్ చుడీదారు
ఇంకా చుక్కలు కారుస్తోంది.

"కాటనా?" అంది.
"వానాకాలం ఆరి చత్తాదా అది?"