అమ్మే ముందు మూతి తుడవాలి

కాగితం మీద రాసి వెనకద్దానికి అంటించాను:
అమ్మబడును. ప్రియస్. రెండువేల ఐదు.
జపాన్‌లో ఒక చెయ్యి, ఉలాన్‌బాతర్‌లో ఒక చెయ్యి.
జిగురు చలికి గడ్డకట్టి
తెల్లారేసరికి కాగితం మంచులో పడి ఉంది.
ఈసారి ఉమ్మితో అద్దాను.
మైనస్ ముప్పైలో అదే గట్టిగా పట్టింది.

మూడు రోజుల్లో పదకొండు ఫోన్లు.
ఆరుగురు నంబరు ప్లేటు చివరి అంకె అడిగి పెట్టేశారు.
ఏ వారం బండి గడప దాటకూడదో
ఈ ఊళ్ళో ఆ అంకే చెబుతుంది.
ఒకడు ఒంటెనిస్తానన్నాడు.
నవ్వుతున్నాడో లేదో ఫోన్‌లో తెలియలేదు.

ఆదివారం లుత్బయార్ వచ్చాడు, కూతుర్ని వెంటబెట్టుకుని.
టైర్లు తన్నాడు. తలుపు వేసి, ఆ చప్పుడు చెవి ఒగ్గి విన్నాడు.
ఇంజన్ మీది ఉన్ని బొంత ఎత్తి
పసిబిడ్డ జ్వరం చూసినట్టు చెయ్యి ఆనించాడు.

నేనేమీ దాచలేదు.
హీటరు కుడికాలికే. ఎడమకాలి సంగతి మీరే చూసుకోవాలి.
బ్యాటరీలో రెండు గదులు మార్పించాను, మిగతావి దేవుడి దయ.
ఈ సొట్ట దార్ఖాన్ దారిలో ఒక ఆవుది.
ఆవుకేం కాలేదు.

చెప్పేకొద్దీ అతని కనుబొమలు దగ్గరపడ్డాయి.
ఇన్ని చెబుతోందంటే
ఇంకెంత పెద్దది దాస్తోందో!
నిజం ఎంత పోసినా నిండని కుండలా నిలబడ్డాడు.
చివరికి విసిగి
"రేడియో పాడైపోయింది" అన్నాను.
రేడియోకి ఏ రోగమూ లేదు.
అతని భుజాలు దిగాయి.
దొరికింది కదా, దాచిందేదో.

మీట నొక్కాను.
కారు ఎప్పట్లాగే జపాన్ భాషలో ఒక వాక్యం పలికింది,
వంగి దణ్ణం పెడుతున్నట్టుండే ఆడగొంతు.
ఎనిమిదేళ్ళు, రోజూ, అదే వాక్యం.
మా అమ్మకది దీవెన.
"నీకూ మేలు జరగాలి, తల్లీ" అనేది తిరిగి,
ఆసుపత్రికి వెళ్ళే ప్రతి మంగళవారమూ,
చివరి మంగళవారం కూడా.

లుత్బయార్ కూతురు అనుంగూ పకపకా నవ్వింది.
కాలేజీలో ఆ భాషే చదువుతోందట.
"కార్డు పెట్టలేదంటోంది. టోల్‌గేటు కార్డు."

నేనేమీ అనలేదు.
నా మొహం చూసి ఆ పిల్లే సర్దుకుంది,
"మర్యాదగానే అంటోందిలెండి,
చాలా మర్యాదగా."

కోటి అడిగాను, తొంభైమూడు లక్షల దగ్గర ఆగాం.
రేడియోకని ఇంకో రెండు కోశాడు.
నా అబద్ధం ఖరీదు, నోరు మూసుకున్నాను.
తుగ్రిక్కులు టింగుమని ఫోన్‌లో వాలాయి.
తోలుబూట్లు కుట్టే యంత్రానికి
ఇంకా పది లక్షలు తక్కువే.

అప్పుడొచ్చాడు నాన్న గుడారంలోంచి, గిన్నెడు పాలతో.
చక్రాల మీద చిలకరించాడు.
పాలు రబ్బరుకి తగిలి అక్కడే తెల్లగా బిగుసుకున్నాయి.
"ఏం ఉంచుకున్నావు?" అన్నాడు నాతో.

గుర్రాన్ని అమ్మితే జూలులో నాలుగు వెంట్రుకలు ఉంచుకుంటాం.
గొర్రెనో ఆవునో అమ్మితే
దాని తడిమూతిని మన చొక్కా చేతితో తుడుస్తాం.
పశువు పోవచ్చు,
దాంతో వచ్చిన కలిమి మాత్రం గడప దాటకూడదు.
కారుకి జూలేది?

లుత్బయార్ నవ్వలేదు.
అతని తాతా గొర్రెల్ని తోలినవాడేనేమో,
మీట నొక్కి బండి ఆపేసి
చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ముందుకెళ్ళి
రెండు దీపాల నడుమ పేరుకున్న నూగుమంచుని
చొక్కా చేతితో తుడిచాను.
ఒకసారి చాలు. రెండుసార్లు తుడిచాను.

మళ్ళీ మీట నొక్కాడు.
కార్డు పెట్టలేదంది కారు.
"నీకూ మేలు జరగాలి" అన్నాడు నాన్న.
నేను చెప్పలేదు, ఎందుకూ.

బొగ్గుపొగలో వాలు దిగుతోంది బండి.
సగం దూరంలో రేడియో మోగింది,
ఎవరిదో పెళ్ళి పాట, గట్టిగా.
బ్రేకు దీపాలు ఒక్క క్షణం ఎర్రగా వెలిగాయి,
ఆరిపోయాయి.