దీపం ఆరిపోతే

ఇంటర్వ్యూ అయ్యి ఈ పొద్దుకు నలభైమూడు రోజులు.
లెక్క నేను పెట్టుకోలేదు.
మా పిన్నమ్మ పెట్టింది, కసాపురం స్వామికి మండలం మొక్కుకొని.
నలభై ఒకటి దాటినాక
ఆమె కూడా వేళ్లు మడవడం మానేసింది.

డీఆర్ఎం ఆఫీసు ఎదురుసందులో జిరాక్సు అంగడి వలీబాషాది.
నేను గుండీ నొక్కే మనిషిని.
గుంతకల్లులో ఉద్యోగం అడిగేవాళ్లందరి పదో తరగతీ
నా చేతికింద వెచ్చగా బయటికొస్తుంది.
తుగ్గలి పిల్లోడికి లెక్కల్లో తొంభై రెండు.
నంచర్ల ఆమెకు పెండ్లికి ముందొక ఇంటిపేరు, తర్వాతొకటి,
రెండూ ఒకరే అని అఫిడవిట్టు.
వీళ్లంతా నాకు పోటీ అని తెలిసే
మసకపడిన కాపీ పక్కన పడేసి
ఇంకొకటి తీసిచ్చినాను, దుడ్లు అడక్కుండా.
ఒక్కసారి మాత్రం, ఆ తొంభై రెండు వాడికి,
మసకదే ఇద్దామా అనిపించింది.
ఇయ్యలేదు.
అనిపించిన మాట మాత్రం నిజం.

ఆ పొద్దు బల్ల అవతల ముగ్గురు.
ఒకాయన నా కాగితాలు చూడలేదు,
ఒకాయన కాగితాలు తప్ప నన్ను చూడలేదు.
మఫ్లరు చుట్టుకున్నాయన అడిగినాడు:
"రాత్రి. గేటు కాడ నువ్వొక్కదానివే.
పట్టాల మీద ఏదో అడ్డం పడింది. బండి వస్తాంది.
చేతిలో దీపం ఆరిపోయింది. ఏం చేస్తావమ్మా?"
"మళ్లీ ముట్టిస్తా సార్."
"అగ్గిపెట్టె లేదు."
ఫ్యాను తిరిగింది.
బరువుకు పెట్టిన రాయి కింద కాగితం మూల
లేచింది, పడింది, లేచింది.
"సరే, పోయిరా" అన్నాడు.
సరే అన్నది దేనికో ఇప్పటికీ తెలీదు.

అప్పటినుంచీ జవాబులు వస్తానే ఉన్నాయి,
రావలసిన కవరొక్కటే రాదు.
బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడొకటి:
ఎర్రచీర కొంగు ఊపుతా సార్.
చీకట్లో ఎరుపు ఎవరికి కనపడుతుందే, మొద్దుదానా.
ట్యాంకరు కాడ బిందె వంతు కోసం నిలబడినప్పుడొకటి:
రాయి తీసుకొని పట్టాను కొడతా.
నిద్రపట్టనప్పుడొకటి:
ఎదురు పరిగెత్తుతా సార్, అరుసుకుంటా.
మఫ్లరాయన దేనికీ తలకాయ ఊపడు.

మా ఇంటికి స్టేషను మైకు వినపడుతుంది.
బండి పది నిమిషాలు ఆలస్యమైతే
మూడు భాషల్లో చింతిస్తారు.
నా కాగితానికి ఏ భాషలోనూ ఎవరూ చింతించలేదు.

పోస్టుమాను సుంకన్న ఇప్పుడు గంట కొట్టడు.
వీధి మొదట్లోనే దిగి
సైకిలు తోసుకుంటా పోతాడు, తప్పు చేసినోడి మాదిరి.
'లేదు' అనేది కూడా బరువే కాబోలు, మోసేవాడికి.
మొన్న నేనే పిలిచి ఉగ్గాని పెట్టినాను.
తిన్నాడు. "రేపు సూద్దాంలే పాపా" అన్నాడు.
బజ్జీ కొరికి కండ్లల్లో నీళ్లు తెచ్చుకున్నాడు.
అది కారానికే.

గేటుమాను ఓబులేసు మామ, రిటైరై పదేండ్లు,
అంగడికొచ్చినాడు. పింఛను కాగితం.
తాను బతికే ఉన్నట్టు. రెండు కాపీలు.
మామా, దీపం ఆరిపోతే? అన్నాను.
నవ్వలేదు, ఆలోచించలేదు.
"నీది ఆరిపోతే ఏమి? బండికి లేదా దీపం?
ఆ వెలుతుర్లో నిలబడాల. రెండు చేతులూ పైకెత్తాల.
సూసేదీ సూడనిదీ వాని డ్యూటీ."
చిల్లర లెక్కపెట్టుకొని పోయినాడు.

రాత్రి కరెంటు పోయింది.
చాపలూ దిండ్లూ మోసుకొని వీధంతా మిద్దెలెక్కింది.
కింద పిన్నమ్మ అగ్గిపెట్టె కోసం తడుముకుంటాంది.
గుత్తి వైపునుంచి గూడ్సు,
ముందు వెలుగు, ఎంతోసేపటికి చప్పుడు.
పిట్టగోడ కాడ నిలబడి
రెండు చేతులూ ఎత్తినాను.
కూత వేసింది.
గేటు కోసం వేసింది, నాకు తెలుసు.
"అక్కా, ఎవరికి చెయ్యెత్తినావు?"
పక్కమిద్దె మీదినుంచి ఎవరి పిల్లోడో.
చెప్తా ఉండు,
ముందు వ్యాగన్లు అయిపోనీ.