బస్సు టికెట్టు మందం

గ్రీమ్స్‌పేట సందులో ఏకాంబరం షెడ్డుకి బోర్డు లేదు,
గోడకు వేలాడే పాత చైను కవరే గుర్తు.
నా బుల్లెట్టుకు స్టాండేసి మూత విప్పాడు.
లోపల రెండు చుక్కలు
ఒకదాన్నొకటి కొట్టుకుని కొట్టుకుని
నల్లబడ్డ ప్లాటినం.

ఇరవయ్యారేళ్లుగా ఆ మధ్య సందుని
ఆర్టీసీ టికెట్టుతోనే కొలిచాడు.
పలమనేరు టికెట్టు సరిగ్గా సరిపోతుందనీ
వేలూరుది రవ్వంత పలుచననీ
నవ్వకుండా చెప్పేవాడు.
ఇప్పటి మిషను టికెట్లు పనికిరావు,
పాతవి బిస్కెట్ల డబ్బాలో దాచుకున్నాడు.
పాలు మరిచే దూడ నోట్లోంచి చన్ను జారినట్టు
జారీ జారనట్టు జారాలి టికెట్టు.

ఈసారి జారలేదు. వణికింది.
కాగితం కాదు, వేలు.
ఇద్దరం చూశాం.
మామిడికాయల ట్రాక్టరు వీధి దాటేదాకా
ఇద్దరం చూడనట్టే ఉన్నాం.

తర్వాత ఆయనే సొరుగులోంచి తీశాడు,
అగ్గిపెట్టంత నల్లడబ్బా, మూడు తీగలు.
"కోయంబత్తూరు నుంచి తెప్పిచ్చినా. ఎలక్ట్రానిక్కు.
అరగదు. గ్యాపే లేదింక."
పొరుగింటోళ్ల బిడ్డను పొగిడినట్టు పొగిడాడు.

చెడిపోతే? అన్నాను.
"సచ్చిపోతాది, అంతే.
మైనం పోసి మూసేసినారు, ఇప్పేదానికి లేదు.
ప్లాటినమైతే నెల ముందే చెప్తాది.
దగ్గుతాది, మొగిలి ఘాట్లో మొరాయిస్తాది,
సైలెన్సర్లో టపామంటాది.
దీనికి మాట రాదు సామీ."

ఆయిలు దించి
రెండు వేళ్ల మధ్య రుద్ది ఎండకు పట్టాడు.
వేలిమీద చెమ్కీ.
"మీ ఇంజనే" అన్నాడు.
మందుల పెట్టె వెనక కట్టుకుని
బంగారుపాళ్యం ఆవుల కాన్పులకు
అర్ధరాత్రిళ్లు పరిగెత్తినప్పుడు
నాకు తెలియకుండా రాలిన ఇనుము.
రెండుసార్లు బోరు కొట్టించాం, ఇప్పుడు నలభై.
"అరవైకి ఇంకా చోటుండాది. ఆపైన స్లీవే."
పోయిన ఇనుమంతా
ఏ సబ్బుకీ లొంగకుండా
ఆయన అరచేతి గీతల్లో ఉంది.

సాయంత్రం డీకంప్రెసరు నొక్కి
కిక్కరు మీద కాలేసి మీటరు ముల్లు చూశాను.
ముల్లు ఊగితేనే తన్నాలి, మా పాత ఒప్పందం,
తప్పితే పిక్క పగిలేది.
ముల్లు ఊగలేదు.
"దాన్ని చూడొద్దు, తన్నండి."
ఒక్క దెబ్బకే పలికింది. ఇన్నేళ్లలో మొదటిసారి.

నిప్పు సరిగ్గా పడేసరికి
ఇన్నాళ్లూ తడబాటు చాటున దాక్కున్న చప్పుడు బయటికొచ్చింది,
పిస్టను పక్కకి తగిలే సన్నటి టకటక.
ఏకాంబరం స్క్రూడ్రైవరు మొన ఇంజనుకానించి
పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.
చాలాసేపు తీయలేదు.

డబ్బులు లెక్కపెట్టుకుని, పాత ప్లాటినాన్ని
పలమనేరు టికెట్లో చుట్టి నా జేబులో వేశాడు.
"అది మూగపోయిన రోజు ఇదుంటాది.
గ్యాపు మాత్రం మీరే పెట్టుకోవాల."

కాణిపాకం రోడ్డు మలుపులో బండి ఆపి
చెయ్యి చాచి నా వేళ్లు చూసుకున్నాను.
వెలుతురు చాల్లేదు.