ఏడో టేకు

సిన్మావాళ్లు కల్వకుర్తి పాతబడికి సున్నం కొట్టి
ఒక్క రాత్రిల ఆస్పత్రి చేసిండ్రు.
లైనుల నిలవడనీకె ముసలోళ్లు కావాలన్నరు.
మనిషికి ఆరు నూర్లు, బిర్యాని పొట్లం.
తోలుకొచ్చినందుకు నాకు తలకు యాభై.

కుర్మన్న తాత అడగకముందే ఆటో ఎక్కిండు.

సెట్టంత ఒక్కసారి కలెజూసి
"బకీటు స్టీలుది గాదు బిడ్డా,
తెల్ల పింగాణిది, అంచుకు పెచ్చులూడినది" అన్నడు.
ఎవరో ఉరికిండ్రు.
"కిటికీకి గోనెపట్టా ఉండె."
పట్టా వచ్చింది.
"లోపల రేడియో గట్టిగ పెట్టిండ్రు,
మా అరుపులు బయటికి ఇనవడకుండ."
డైరెక్టరు రాసుకున్నడు. ఏ పాట అని అడిగిండు.
తాత చెప్పలే.

యాక్షన్ అనంగనే
ఖాకీ నిక్కరు పిలగాడు తాత బొటనవేలు వట్టి
నీలిసిరాల అద్ది రిజిస్టరు మీద ఒత్తాలె.
మొదటిసారి, వేలు తొందరగ ఇచ్చిండట.
రెండోది, మబ్బు అడ్డమొచ్చింది.
మూడోదానికి ఎవరిదో సెల్లు మోగింది.
నాలుగు, ఐదు నాకు యాదిలేదు.
"భయపడాలె తాతా, కండ్లల్ల కనవడాలె"
అని మైకుల అరుస్తుండ్రు.
ఆరోదాంట్ల తాత నవ్విండు.
"అప్పుడు ఒక్క టేకే" అన్నడు నాతోని, మెల్లగ.

సాగర్ కాలువ మట్టిపనిల ఉన్నడట.
ఇరవై రెండేండ్లు. లగ్గమై తొమ్మిదొద్దులు.
పగార్లిస్తరు రాండ్రని మేస్త్రి లారీ నింపిండు.
"ఆనిక్కూడ తలకింతని ఉండె."
నేను నోటుబుక్కు మూసి జేబుల పెట్టుకున్న.

సవారమ్మ అవ్వ పదకొండేండ్లు
కురుమూర్తి జాతరకు తడిబట్టలతోని పోయింది.
తప్పు తన కడుపుదే అనుకున్నది.
తాత పక్కపొంటి నడిచిండు, గుట్ట మీదిదాంక,
చెప్పలే.

ఏడోది ఓకే అయింది.

పైసలిచ్చే కాడ ఇంకుప్యాడు ముందుకు జరిపిండ్రు.
తాత దాన్ని అవతలికి నూకిండు.
లారీ దిగిన ఏడాదే రాత్రిబడికి పోయి
సంతకం నేర్సుకున్నడట,
మల్ల ఎవ్వడు వేలు వట్టొద్దని.
ఇంక నీలంగనే ఉన్న ఆ వేలితోని పెన్ను ఒత్తి
ఒక్కొక్క అక్షరం. కొమ్ము కాడ కొంచెమాగి.
వెనక లైనంత నిలవడ్డది.
ఎవ్వరం తొందరపెట్టలే.

ఆటోల, వంగూరు గేటు దాటినంక, అడిగిన.
రేడియోల ఏం పాట తాతా?

"పాట గాదు బిడ్డా.
పల్లికాయ ధర చెప్తుండె."