అరవై అంటే ఎంత గాలి

ఓడలరేవు తుపాను షెల్టరు, మేడ మీద గది.
పద్నాలుగు మందిమి. మబ్బుల్ని
ఉపగ్రహం కంటితో పైనుంచి చూడడమే తప్ప
కింద నిలబడి తడిసిన అలవాటు లేనివాళ్ళం.
ప్లాస్టిక్ కుర్చీల కాళ్ళకింద ఇసుక గరగరమంటోంది.

శిక్షణ ఇవ్వడానికొచ్చిన హైమవతి గారు
గోడమీద నా బులెటిన్‌నే వేశారు, నా పేరు చెప్పకుండా:
"గంటకు అరవై నుంచి డెబ్బై కిలోమీటర్ల వేగంతో
ఈదురుగాలులు వీచే అవకాశం కలదు."
ఆ 'కలదు' మీద నాకెంత మమకారమో.
ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో
ఒక్కసారైనా 'ఉంది' అని రాసి ఎరగను.

ఊళ్ళోవాళ్ళు నలుగురొచ్చి వెనక బెంచీ మీద కూచున్నారు.
పెమ్మాడి ముత్యాలు, ఎండుచేపల బేరం,
వేళ్ళ సందుల్లో ఉప్పు, లేచి అడిగింది:
"అరవై అంటే ఎంత గాలండీ?
తాటాకుని లేపేదా, తాటిచెట్టుని లేపేదా?"

నా దగ్గర మిల్లీబార్లున్నాయి, నాట్లున్నాయి.
తాటాకు లెక్క లేదు.

హైమవతి గారు తెల్లకాగితాలు పంచారు.
"గాలి వేగం రాయొద్దు. గాలి చేసే పని రాయండి.
ఎవరికి ఏం కావాలో ముందు వాళ్ళనే అడగండి."

రొయ్యల చెరువు కాపలా చిట్టిబాబుకి గాలితో పనే లేదట.
కరెంటు ఎన్ని గంటలు పోతుందో చెబితే
ఏరేటర్లకి డీజిలు తెచ్చుకుంటాడట.
కొబ్బరి దింపు తీసే గంగరాజుకి
ఎన్నింటికి చెట్టు దిగిపోవాలో కావాలి.
లంకలో ఆశా కార్యకర్త సువార్త మెల్లిగా అంది:
"కాజ్‌వే మునిగేది పగలా, రాత్రా సార్?
నా పుస్తకంలో తొమ్మిదో నెల అమ్మాయి ఉంది."

అల్పపీడనం ఒక్కటే.
నా మ్యాపులో దానికి ఒకటే చుక్క.

టీ అయ్యాక ముత్యాలు మళ్ళీ లేచింది.
"పోయినేడు వత్తాది వత్తాదన్నారు.
ఈ గదిలోనే రెండు రాత్రులు పడుకున్నాం. చినుకు లేదు.
దిగెళ్ళి చూస్తే ఎండేసిన సావిడాయలన్నీ కుక్కల పాలు.
తప్పిందమ్మా అని ఒక్కరన్నా రాలేదు."

నేను బోర్డు మీద శంకువు గీశాను.
తుపాను దారి ముందుకెళ్ళేకొద్దీ వెడల్పయ్యే శంకువు.
పదికి ఆరుసార్లే, అన్నాను.
ఆమె తల పక్కకి వాల్చి చూసింది.
"మా వలా అంతేగా బాబూ, నోరు పెద్దది.
పడతాదని వేస్తాం. పడకపోతే
పడలేదని ఇంటికొచ్చి చెబుతాం.
మీరు చెప్పరేం?"

జవాబు స్లైడ్లలో లేదు.

కూచోబోతూ, "ఈ కాయితం కింద పేరు లేదేం?
చీటీ పాడినోడైనా సంతకం పెడతాడు."

సాయంత్రం, అందరూ దిగాక, అభ్యాసం కాగితం తీశాను:

రేపు రాత్రి రెండింటికి ముందే పాకలు ఖాళీ చేయండి.
తాటాకు నిలవదు. రేకులు ఎగురుతాయి.
సముద్రం పోటు మీద ఉంటుంది,
రేవు రోడ్డు మోకాలి లోతు మునుగుతుంది.
ఎండేసిన చేపలు మూటకట్టి వెంట తెచ్చుకోండి, షెల్టర్లో చోటుంది.
రాకపోవచ్చు కూడా, పదిలో నాలుగు పాళ్ళు.
రాకపోతే పొద్దున్నే నేనే చెబుతాను.

కింద సంతకం, పక్కన ఫోను నంబరు.
ఆ పది అంకెలు వేస్తుంటే చెయ్యి వణికింది,
జిల్లాలకి జిల్లాలకి గాలి లెక్కలు రాసి
ఏనాడూ వణకని చెయ్యి.

పన్నెండు రోజుల తర్వాత, తెల్లారి ఐదున్నరకి ఫోను.
"ఆయ్, ముత్యాల్నండి. మబ్బుగా ఉంది.
చేపలు ఎండెయ్యమంటారా?"
అక్కడ గాలెలా ఉందో ముందు నువ్వు చెప్పు, అన్నాను.
కాసేపు అలల చప్పుడు.
"కొంగు దోపకపోయినా ఆగుతోందండి."

మధ్యాహ్నం రెండు దాకా ఎండేసుకో, తర్వాత ఎత్తెయ్, అని చెప్పి
రిజిస్టరు తీసి, గాలి వేగం అన్న గడిలో
అంకె పక్కన చిన్నగా రాసుకున్నాను:
కొంగు ఆగేంత.