ఏడు వేల రెండు వందలు

క్లాక్స్‌విక్‌లో వాన అడ్డంగా కురుస్తుంది.
వేలంపాట షెడ్డు నేల కడిగేశారు.
పైగదిలో నేనూ, ఫ్యాన్ల రొదా.

నాలుగూ పది.
బ్యాకప్ సర్వర్‌కి తెలిసిన లోకం అక్కడే ఆగింది:
‘సూలా’ పడవ, హ్యాడక్ చేప, నాలుగు వందల పన్నెండు కిలోలు.
ఇప్పుడు ఐదూ యాభై.
ఈలోగా మూడు పడవలు సరుకు దించి వెళ్ళాయి.
వాటి లెక్క ఈ ఒక్క డబ్బాలోనే ఉంది.
దీనికేమైనా అయితే
ఎవరి వలలో ఎంత పడిందో
ఎవరి నోటిమాట వాళ్ళది.

ఈ నెలలో ఇది ఆరోసారి.
ప్రతిసారీ హానుస్ గొడుగు వెతుక్కుని
కొండ దిగి, పాత బడి నేలమాళిగ తలుపు తీసేలోపు
దానంతటదే లేచి కూర్చుంటుంది,
డాక్టరు గడప తొక్కగానే తగ్గే జ్వరంలా.

ఇవాళ తొందరగా చేరాడు.
"పచ్చ లైటే వెలుగుతోంది మార్యున్" అంటాడు
దక్షిణపు దీవి నుంచి.
ఇక్కడా పచ్చ లైటే.
ఎర్ర లైటైతే పోట్లాడి ఉండేదాన్ని.

లాగ్ ఫైలు కిందినుంచి పైకి చదువుతాను,
అల్లిక తప్పిన స్వెట్టర్ విప్పినట్టు.
దొరికింది.
మధ్యలో ఒక ఫైర్‌వాల్ ఉంది.
గంటసేపు మాట నడవని దారిని
చచ్చిందనుకుని కోసేస్తుంది.
కోశానని ఇటూ చెప్పదు, అటూ చెప్పదు.
అవతల బ్యాకప్ మాత్రం
తెగిన తీగ చివర చెవి పెట్టుకుని
కథ ఇంకా ఉందనే కూర్చుంటుంది.

ఉన్నావా అని ఎప్పుడడుగుతుందట?
సిస్టమ్ సెట్టింగుల్లో ఎవరో రాసి పెట్టారు:
ఏడు వేల రెండు వందల సెకన్లు.
రెండు గంటలు.
ఎవరా మర్యాదస్తుడు?
పెళ్ళిళ్ళు కూడా తట్టుకోవు అంత మౌనాన్ని;
నాది తట్టుకోలేదు.

చెరిపేశాను.
అరవై అని రాశాను.
నిమిషానికోసారి ఊ కొట్టు, చాలు.
ఊ కొట్టేవాళ్ళుంటే కథ తెగదు.
సేవ్ చేసి, పాత లంకె తెంపి, మళ్ళీ ముడేశాను.

ఒక క్షణం ఏమీ లేదు.
తర్వాత కాడ్ చేపలు, మళ్ళీ హ్యాడక్, తూకాలు, ధరలు,
ఎవరో తప్పు కొట్టి దిద్దిన సున్నాతో సహా
బిలబిలమంటూ దక్షిణానికి దిగిపోయాయి.

"వచ్చాయా?" అన్నాను.
ఫోన్‌లో ఏమీ వినబడలేదు.
మా దీవుల్లో ఔనని చెప్పాలంటే
చాలామంది ఊపిరి లోపలికి పీలుస్తారు;
మాట బయటికి రాదు, గాలే లోపలికెళ్తుంది.
హానుస్ అలా ఎన్నిసార్లు ఔనన్నాడో
ఫోన్‌లో నాకు తెలిసేది కాదు.

"హానుస్, ఉన్నావా?"

"ఉన్నాను. ఇందాకే చెప్పానుగా.
వాన తగ్గేదాకా లైన్లోనే ఉండు."