లక్క కింది గింజ

సత్యభామ మేడం బీకర్ల పక్కన
అద్దె పుస్తకం బోర్లేసి పెట్టేది.
కుమార్‌పల్లి దుకాణంల రోజుకు ఐదు పైసలు.
అట్ట మీద కోటు, టోపీ, పిస్తోలు.
"ఓదెలూ, హన్మకొండ ఎండల ఈ కోటు తొడిగితే
హంతకుని కన్నా ముందు ఈయనే పోతడు" అని నవ్వేది.
అయినా ఆఖరి పేజీలు చినిగి ఉన్ననాడు
పిల్లలకు మార్కులు తక్కువ.

నేను బాటనీ ల్యాబు అటెండర్ని.
ఎండిన కొమ్మలను అట్టలకు అతికి
కింద చీటీ రాసేటోణ్ణి:
పేరు, కుటుంబం, దొరికిన చోటు, తెచ్చినవారు.
నా రాత ముత్యాలని ప్రిన్సిపాలు సారే అన్నడు.
ముత్యాలకు బజార్ల గిరాకీ ఉంటదని
అప్పటికి నాకు తెల్వది.

డెబ్బై ఒకటి, దసరా ముందర.
గేటు కాడ సీతాఫలాలమ్మే సాంబలక్ష్మి
గంప దించి కొంగు ముడి విప్పింది.
కోర్టు నోటీసు.
మట్టెవాడల ఆమె మామ కట్టిన రెండర్రల ఇల్లు
పదమూడు వందల యాభై ఒకటో ఫసలీలనే
మిర్చి కమీషన్ వెంకటాద్రి తండ్రికి అమ్మిండట.
సాదా బైనామా. వేలిముద్ర.
అంచున ఎర్రటి లక్క.

కోర్టు వరండాల ఐదు నిమిషాలు చూడనిచ్చిండ్రు.
మేడం భూతద్దం పట్టింది, గొడుగు నేను పట్టిన.
కాయిదం పాతదే.
సిరా గూడ, చాయనీళ్ళల ముంచినంత పాతది.
అక్షరాల దిక్కు ఆమె చూడనే లేదు.
లక్క పగిలిన కాడ ఆగింది.
లోపల నల్లగ, నువ్వుగింజల సగం గూడ లేదు.

"ఇదేంది ఓదెలూ?"
"గడ్డిగింజ మేడం."
"ఏ గడ్డి?"
నాకు తెల్సు. ల్యాబు వెనక గోడ పొంటి నడుమెత్తు పెరిగింది.
తెల్ల పూలు, ముట్టుకుంటే దురద.
"వయ్యారిభామ. నా పేరుల సగం" అన్నది.
"పరదేశపు గోధుమ బస్తాలల్ల ఓడ దిగిందంటరు.
మనూర్ల మొలిచి పదేండ్లు గాలే.
నైజాం కాలపు లక్క కిందికి ఎట్ల దూరింది?"

వెంకటాద్రి వకీలు దగ్గిండు.
జడ్జి అద్దాలు తుడుసుకొని మళ్ళ పెట్టుకుండు.
సాంబలక్ష్మి ఇల్లు సాంబలక్ష్మికే.

పుస్తకమైతే ఇక్కడ ఒడిసిపోవాలె.

ఆ పొద్దుమీకి మేడం వెనక గోడ కాడికి పోయి
ఒక మొక్కను వేర్లతోటి పీకి తెచ్చింది.
అట్ట మీద పరిచి, "చీటీ రాయి" అన్నది.
పేరు రాసిన.
కుటుంబం రాసిన, పొద్దుతిరుగుడు.
దొరికిన చోటు కాడ కలం నిలవడ్డది.

ఆ గోడ కాడనే గద, ఐతారం నాడు
స్పిరిటు దీపం మీద నేను లక్క కరిగించింది.
గాలి గూడ లేదనుకున్న.
ముప్పై రూపాయలు.
అండ్ల పన్నెండు సైకిలు టైర్లకే పోయినయి.

"నీ ళకారానికి తోక పొడుగుంటది" అన్నది మేడం,
కిటికీ దిక్కు చూసుకుంట.
"యాడున్నా గుర్తువట్టొచ్చు."
ఇంకేం అనలే.
అద్దె పుస్తకం తీసింది. దానికీ ఆఖరి పేజీలు లెవ్వు.
మూసి, సంచిల వేసుకొని పోయింది.
తెల్లారి ఎవ్వరికీ మార్కులు తక్కువ పడలే.

ఆ అట్ట ఇంక మూడో బీరువల ఉన్నది.
నేను రిటైరయ్యేటప్పుడు తీసి చూసిన.
ఆకులు పొడి పొడి.
దొరికిన చోటు ఖాళీగనే ఉన్నది.
తెచ్చినవారు అన్న కాడ మాత్రం
నాది కాని రాతల, ఎన్నడు రాసిందో,
ఓదెలు.